కేకులు అయిపోయేలోగా

ప్రొద్దుటూరులో కేకుల అమీనాబీ ఇల్లు ఎక్కడని ఎవరినీ అడగనక్కర్లేదు. మైదుకూరు రోడ్డు మీద నుంచి రెండో సందులోకి తిరిగితే ముక్కే దారి చూపిస్తుంది. వెన్నా, యాలకులూ, మాడీ మాడని చక్కెరా కలిసిన వాసన పొద్దున పదింటి నుంచి ఆ సందులోనే కాపురం ఉంటుంది. ఆమె చేసేది ఒక్కటే సరుకు, ఫ్రూట్ కేకు. అదీ పెద్దది కాదు, టీ గ్లాసు మూతి అంత ఉంటుంది. అరచేతిలో రెండు పడతాయి. మా వాడి పుట్టినరోజుకు కిలో కేకు చేసిపెట్టమ్మా అని ఎవరైనా వస్తే, అది బేకరీలో దొరుకుతుంది పో నాయనా అని మొహం మీదే చెప్పి పంపించేస్తుంది. నోరు కొంచెం దురుసే. అయినా వచ్చేవాళ్ళు వస్తూనే ఉంటారు, ఎందుకంటే ఆ చేతిలో ఏదో ఉంది.

క్రిస్మస్ వస్తే జమ్మలమడుగు నుంచి వచ్చి అట్టపెట్టెలతో పట్టుకుపోతారు. రంజాన్ నెలలో ఇఫ్తారు పళ్ళాల్లో ఖర్జూరం పక్కన ఆ కేకు ఉండాల్సిందే. రెడ్ల ఇళ్ళలో సీమంతాలకు చేసేవీ, శెట్ల ఇళ్ళకు గుడ్డు బదులు పెరుగు వేసి చేసేవీ, అన్నీ ఆ చిన్న వంటింట్లో నుంచే పోతాయి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. అమీనాబీ రచ్చ గెలిచింది గానీ ఇంట గెలవలేదు. ఊరంతా తిన్న ఆ కేకును ఆమె కన్న కూతురు బుష్రా ఒక్కతే ముట్టదు. పదిహేనేళ్ళుగా అమీనాబీకి ఉన్న కోరిక ఒక్కటే. ఆ పిల్ల తన చేతి కేకు ఒక్కటంటే ఒక్కటి తినాలి. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు, ఇదీ ఒక కోరికేనా అని. బిడ్డకు పెట్టింది బిడ్డ నోట్లోకి పోకపోతే ఎట్లా ఉంటుందో కన్నవాళ్ళకు చెప్పాల్సిన పని లేదు.

వాళ్ళు దూదేకులవాళ్ళు. పేర్లు సాయిబులవి, ఇంట్లో మాట తెలుగు. భర్త నబీ రసూల్ పరుపులు కుట్టేవాడు. దూది ఏకే విల్లు భుజాన వేసుకుని వీధి వీధీ తిరిగేవాడు. ఆ దూది దుమ్మే గుండెల్లో చేరి దగ్గుగా మారింది. ఒకపక్క దగ్గు, ఒకపక్క అంగళ్ళలోకి ఫోమ్ పరుపులు. రెండూ కలిసి మనిషిని మూడేళ్ళలో తీసుకుపోయాయి. అప్పటికి బుష్రాకు మూడేళ్ళు నిండి నాలుగు పడింది. అమీనాబీకి ఇరవై ఆరు.

ఆ రోజుల్లో కడప జిల్లాలో మగదిక్కు లేని ఆడమనిషికి కనిపించే దారి ఒకటే, కువైట్. దూరపు కొండలు నునుపని ఆమెకు తెలియక కాదు. దగ్గర కొండలన్నీ గరుకైపోయాయి. ముప్పై నిండని ఆడవాళ్ళను పంపరు కాబట్టి పాస్‌పోర్టులో వయసు ఐదేళ్ళు ఎక్కువ రాయించి, బిడ్డను జమ్మలమడుగులో ఉన్న వదిన హుసేనమ్మ ఒడిలో పెట్టి విమానం ఎక్కింది. హుసేనమ్మ నబీ రసూల్‌కు సొంత అక్క. గాజుల అంగడి పెట్టుకుని బతికే మనిషి, పిల్లలు లేని మనిషి. బుష్రాను ఆమె కంటికి రెప్పలా చూసుకుంది, అందులో ఆమెను మాట అనే పని లేదు.

కువైట్‌లో ఒక పెద్దింటి వంటగది. అక్కడ గోవా నుంచి వచ్చిన ఫిలోమినా అనే పెద్దావిడ వంట చేసేది. ఈ ఫ్రూట్ కేకు విద్య ఆమె పెట్టిన భిక్షే. గోవా వాళ్ళు ద్రాక్షలను సారాయిలో నానబెడతారట. సాయిబుల ఇంట్లో అదెట్లా కుదురుతుంది? నారింజ రసంలో నానబెట్టేవాళ్ళు. చక్కెర మాడ్చడం దగ్గరే ఉంది పనితనమంతా. ఎర్రబడి నురగ లేచి, ఇంక చేదెక్కబోతుందనగా వేడినీళ్ళు పోసి ఆపాలి. ఒక్క క్షణం ముందు పోస్తే రంగు రాదు, ఒక్క క్షణం ఆలస్యమైతే మొత్తం పారబొయ్యడమే. ఫిలోమినా ఆమెకు ఆరు రేకు అచ్చులు ఇచ్చింది. అచ్చులు అంత చిన్నవి కావడానికి ఒక కారణం ఉంది.

ఊరికి పోయే మనిషి ఎవరైనా దొరికితే అక్కడి మనవాళ్ళందరూ ఆ మనిషి చుట్టూ చేరతారు. ఇంటికి పంపాల్సిన పార్సిల్ ప్రతి ఒక్కరికీ ఉంటుంది. విమానంలో తూకం ఉంటుంది కదా, అందుకని పోయేవాళ్ళు ముందే చెప్పేస్తారు, తలా అర కిలో, అంతకు మించితే తీసుకోనని. పెద్ద కేకు అర కిలోలో ఇమడదు. ఇమిడినా దారిలో నలుగుతుంది, విమానాశ్రయంలో కత్తి పెట్టి కోసినా కోస్తారు. ఈ చిన్నవైతే ఆరు కలిపి సరిగ్గా అర కిలో. వెన్నకాగితంలో చుడితే ఇరవై రోజులున్నా చెడవు. అలా ఏ ప్రొద్దుటూరు మనిషి కదిలినా, ఏ జమ్మలమడుగు మనిషి కదిలినా, వాళ్ళ పెట్టెలో ఒక మూల బుష్రాకు ఆరు కేకులు ఉండేవి. ఆ చెయ్యి ఆ కొలతకే అలవాటు పడిపోయింది. అందుకే ఇప్పటికీ పెద్ద కేకు అంటే ఆమెకు చిరాకు.

శుక్రవారం శుక్రవారం ఫోను. హుసేనమ్మ పిల్లను చంకనేసుకుని వీధి చివర ఎస్టీడీ బూత్‌లో కూర్చునేది. ఎప్పుడొస్తావు అని పిల్ల అడిగేది. ఆ పిల్ల ఇంక వేరే ఏమీ అడిగేది కాదు. అమీనాబీ ఏం చెబుతుంది? ఆరు కేకులు పంపించినా తల్లీ, రోజుకొకటి తిను, అవి అయిపోయేలోగా వచ్చేస్తా అని చెప్పేది. అక్కడున్న తల్లులందరూ ఏదో ఒకటి చెప్పేవాళ్ళే. ఒకావిడ పీర్ల పండక్కి వస్తాననేది, ఇంకొకావిడ మామిడికాయలు కోసేలోగా అనేది. పిల్ల ఊరుకుంటే చాలు, ఫోను పెట్టేలోపల ఏడుపు వినిపించకుంటే చాలు. తరువాత హుసేనమ్మ ఫోను తీసుకుని, నీ కూతురు కేకులంటే ప్రాణం పెడతాంది, ఇంకా కావాలంటాంది అని చెప్పేది. ఆ మాట పట్టుకుని అమీనాబీ ఇంకో నెల బతికేది.

మన వైపు ఒక ఆచారం ఉంది చూడండి, దూరదేశంలో ఉన్నవాళ్ళకు చెడ్డమాట చెప్పకూడదని. తల్లి పోయినా చెప్పరు, జ్వరంగా ఉందంటారు. ఇల్లు కూలినా చెప్పరు, సున్నం వేయిస్తున్నామంటారు. అక్కడ ఒంటరిగా ఉండే మనిషి తట్టుకోలేదని. మంచితనమే, కాదనను. ఈ కథలో చెడ్డవాళ్ళు ఒక్కరూ లేరు, కష్టమంతా అక్కడే వచ్చింది.

పదకొండేళ్ళలో రెండుసార్లు వచ్చి వెళ్ళిన అమీనాబీ చివరికి అన్నీ మూటగట్టుకుని వచ్చేసింది. బుష్రాకు అప్పుడు పదిహేను. జమ్మలమడుగులో హుసేనమ్మ ఇంట్లో దిగి, స్నానం కూడా చెయ్యకముందే పెట్టె విప్పి కేకుల డబ్బా కూతురి చేతిలో పెట్టింది. ఆ పిల్ల మూత తీసింది, చూసింది, పళ్ళెంలో సర్దుకుని వీధిలోకి వెళ్ళింది. ఇంటింటికీ ఒకటి ఇచ్చి వచ్చింది. పళ్ళెం కడిగి బోర్లించింది. తల్లి గడప దగ్గర కూర్చుని అదంతా చూస్తూ ఉంది. నువ్వు తినలేదే అంటే, ‘నాకొద్దు కువైటమ్మా’ అంది. చిన్నప్పటి నుంచి పిల్ల పెట్టుకున్న పిలుపు అది. హుసేనమ్మను అమ్మ అనేది, కన్నతల్లిని కువైటమ్మ అనేది. వీధిలోవాళ్ళకు అది ముద్దుగా ఉండేది.

అమీనాబీ ప్రొద్దుటూరులో ఇల్లు పట్టింది. కూతురు రాలేదు. పిల్లకు అలవాటైన చోటు కదా, ఉండనీ అనుకుంది. బతకడానికి ఏదో ఒకటి చెయ్యాలి, కూతురికి ప్రాణమైన కేకులే చేద్దామనుకుంది. మొదట్లో కుక్కర్‌లో ఉప్పు పోసి, గ్యాస్కెట్ తీసేసి కాల్చేది. తరువాత ఓవెన్ కొంది. చేసిన ప్రతి వాయిలో మొదటి ఆరూ జమ్మలమడుగు బస్సులో వెళ్ళేవి. ద్రాక్షలు నచ్చలేదేమోనని ద్రాక్షలు లేకుండా చేసింది. పిస్తా వేసి చేసింది. టూటీఫ్రూటీ తీసేసింది, మళ్ళీ వేసింది. ఏం చేసినా వీధి పిల్లలే తిన్నారు.

బుష్రా పెళ్ళి పులివెందుల అబ్బాయి కలీంతో అయింది. చీనీ, అంటే బత్తాయి తోటల్లో కాయలు కోయించి లారీలకు ఎత్తించే పని అతనిది, కష్టజీవి. ఆ పెళ్ళికి అమీనాబీ మూడు రోజులు నిద్ర లేకుండా మూడొందల చిన్న కేకులు చేసింది. అత్తగారు ముచ్చటపడి ఒక ముక్క పెళ్ళికూతురి నోటి దగ్గర పెడితే బుష్రా మొహం పక్కకు తిప్పుకుంది. సిగ్గుపడుతోందని అందరూ నవ్వారు. అమీనాబీ కూడా నవ్వింది. నవ్వి, వంటపందిరి వెనకాలకు వెళ్ళి ఏడ్చింది.

అల్లుడు బంగారం. ప్రొద్దుటూరు వచ్చినప్పుడల్లా గోతాం నిండా చీనీకాయలు తెచ్చి పోసేవాడు. నారింజ రసం మానేసి అమీనాబీ ఆ చీనీ రసంలోనే ద్రాక్షలు, ఖర్జూరాలు నానబెట్టడం మొదలుపెట్టింది. రుచి ఇంకా పెరిగింది. అల్లుడు నిలబడి నాలుగు తినేవాడు. మనవరాలు ఫరహత్‌కు మాటలు రాకముందే కేకు వచ్చు. బుష్రా మాత్రం పక్కనే కూర్చుని పిల్ల మూతి తుడిచేది గానీ వేలికి అంటిన పొడి కూడా నోట్లో పెట్టుకునేది కాదు.

ఎందుకు తినవు అని ఒక్కసారి గట్టిగా అడగొచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. ఊరందరినీ నిలదీసే అమీనాబీకి కూతురిని అడిగే ధైర్యం లేదు. అడిగితే ఏం చెబుతుందోనని భయం.

పోయిన ఏడాది హుసేనమ్మ పోయింది. బుష్రా పులివెందుల నుంచి వచ్చి శవం మీద పడి, అమ్మా అమ్మా అని గుండెలు బాదుకుంది. అమీనాబీ గోడకు ఆనుకుని నిలబడి ఆ పిలుపు వింటూ ఉంది. చచ్చిపోయిన మనిషి మీద అసూయ పుట్టింది. పుట్టినందుకు సిగ్గు కూడా వేసింది. తన బిడ్డను పెంచిపెట్టిన మనిషి. ఆమె కాళ్ళు కడగాలి గానీ అసూయ ఏమిటి? అని తనను తాను తిట్టుకుంది.

మొన్న చలికాలంలో కలీం లారీ మీద నుంచి వెల్లకిలా పడ్డాడు. నడుము దెబ్బతింది. కూర్చోగలడు, నిలబడలేడు. వేలూరులో ఆపరేషన్ చెయ్యాలన్నారు. అమీనాబీ తనకు చేతనైనంత పంపుతూనే ఉంది. అలాంటి రోజుల్లో ఒక మంగళవారం పొద్దున బుష్రా ఫోను చేసింది.

‘కువైటమ్మా, నాకు కేకులు చేసిపెట్టు. ఆరు చాలు. గురువారం నేనే వచ్చి తీసుకుంటా.’

ఎవరికని అడిగింది అమీనాబీ.

‘నాకే.’

ఫోను పెట్టేశాక కూడా ఆమె చాలాసేపు దాన్ని చెవి దగ్గరే పెట్టుకుని కూర్చుంది. తరువాత లేచి పక్కింటి రాజమ్మకు చెప్పింది. ఎదురింటివాళ్ళకు చెప్పింది. పాలవాడికి కూడా చెప్పింది, మా బుష్రా కేకులు అడిగింది అని. వాడికి ఏం అర్థమైందో గానీ తల ఊపి వెళ్ళిపోయాడు. ఆ వారం ఒప్పుకున్న పనులన్నీ వచ్చే వారానికి తోసేసింది. ఆ నిమిషానే ద్రాక్షలు, ఖర్జూరాలు, అత్తిపళ్ళు తరిగి చీనీ రసంలో వేసింది. అటక మీద నుంచి ఫిలోమినా ఇచ్చిన ఆరు అచ్చులూ దింపి, చింతపండు పెట్టి తోమింది. సొట్టలు పడ్డాయి గానీ మెరిశాయి.

బుధవారం చక్కెర మాడ్చింది. ఇరవై ఆరేళ్ళుగా ఒక్కసారి కూడా తప్పని చెయ్యి ఆ రోజు తప్పింది. కూతురు తింటుంటే ఎదురుగా కూర్చోవాలా, పక్కన కూర్చోవాలా అని ఆలోచిస్తూ నిలబడింది. పొగ లేచేదాకా చూసుకోలేదు. బొగ్గయిపోయింది. పారబోసి, నవ్వుకుని మళ్ళీ మాడ్చింది. ఈసారి కన్ను ఆర్పలేదు.

గురువారం పన్నెండింటికి సందులోకి ఆటో వచ్చింది. ముందు ఫరహత్ దూకింది, అవ్వా అంటూ పరిగెత్తుకొచ్చి కాళ్ళు చుట్టేసింది. వెనక బుష్రా దిగింది. ఆ వెనక ఆటోవాడు ఒక పెట్టె దింపాడు. పెద్ద పెట్టె, నైలాను తాడుతో అటు రెండు చుట్లు, ఇటు రెండు చుట్లు. పైన అతికించిన తెల్ల కాగితం మీద స్కెచ్ పెన్నుతో పేరు రాసి ఉంది.

అలాంటి పెట్టెలు అమీనాబీ తన జన్మలో ఎన్ని చూసిందో. ఆ తాడు కట్టిన తీరు చూస్తేనే తెలిసిపోతుంది, ఇది పులివెందుల నుంచి ప్రొద్దుటూరుకు వచ్చే పెట్టె కాదని. ఆమె అరుగు మీద కూర్చుండిపోయింది.

కువైట్ వీసా వచ్చిందనీ, ముప్పై నిండేదాకా ఆగాల్సి వచ్చిందనీ, సాయంత్రం కారులో మద్రాసు వెళ్ళి తెల్లవారుజామున విమానం ఎక్కుతాననీ బుష్రా ఒక్కొక్కటే చెప్పింది. గొంతులో తడి లేదు. ఫరహత్ నీ దగ్గర ఉంటుంది, కలీంను వాళ్ళమ్మ చూసుకుంటుంది అంది.

‘నన్నొక మాట అడగలేదే’ అంది అమీనాబీ.

‘నువ్వు నన్ను అడిగినావా?’

అమీనాబీ ఊరుకోలేదు. ఇద్దరం కలిసి కేకులు చేద్దామంది. ఇంకో ఓవెన్ పెడదామంది. కావాలంటే ఈ వయసులో కూడా నేనే పోతానంది. చేతులు పట్టుకుంది. బుష్రా చేతులు విడిపించుకోలేదు గానీ తల అడ్డంగా ఊపింది. ఆపరేషన్ ఆగదు, ఈ పొయ్యి మీద వచ్చేదానితో అది అయ్యే పని కాదు అంది. అది నిజమేనని అమీనాబీకీ తెలుసు. పోనీ, పిల్లను పులివెందులలో మీ అత్త దగ్గర ఉంచితే అలవాటైన ఇల్లు కదా అంది చివరికి.

‘ఆమె శానా మంచిది. పిల్ల ఏడిస్తే ఓర్సుకోలేదు. ఏదో ఒకటి చెప్పి ఊరుకోబెడతాది. అందుకే ఆడ వద్దనుకున్నా’ అంది బుష్రా. ‘నువ్వు చెప్పినావు గుర్తుందా? కేకులు అయిపోయేలోగా వస్తానని.’

అమీనాబీ గుర్తుందన్నట్టు చూసింది.

‘మొదటి పార్సిల్ వచ్చిన దినం ఆరూ ఒక్కపూటే తినేసినా. రోజుకొకటి అంటే ఆరు దినాలు గదా, అంతసేపు యాడ ఓర్సుకునేది? తినేసి, మొగం కడుక్కొని, కొత్త గౌను తొడిగించుకొని అరుగు మీద కూర్చున్యా. పొద్దుగూకినాక వాంతులు. మూడు దినాలు జ్వరం. జ్వరంలో గూడా గౌను ఇప్పనియ్యలేదంట. రెండోసారి పార్సిల్ వచ్చె. నేను తింటే వాంతి అయితాదని, వీధిలో పిల్లోళ్ళందరికీ పెట్టినా. వాళ్ళు తింటే తొందరగా అయిపోతాయి గదా. గడియలో అయిపోయినాయి. మళ్ళా గౌను తొడుక్కున్యా. ఎన్నిసార్లు తొడుక్కున్యానో నాకే తెలీదు. గౌను చిన్నదైపోయింది.’

పదిహేనేళ్ళ కిందటి పళ్ళెం అమీనాబీ కళ్ళ ముందుకు వచ్చింది. వీధంతా పంచి, కడిగి, బోర్లించిన పళ్ళెం. ఆ రోజు తన చేతి వంటను తోసేసిందని కుమిలిపోయింది. పిల్లకు అది అలవాటైన పని. డబ్బా కనిపిస్తే పంచెయ్యడం, తల్లి రావడానికి ఆ పిల్ల కనిపెట్టిన ఉపాయం. తల్లి నిజంగా వచ్చి గడపలో కూర్చున్న రోజు కూడా ఆ చేతులు అదే పని చేశాయి.

‘నువ్వు ఇష్టంగా తింటాండావని హుసేనమ్మ చెప్పేది గదే’ అంది అమీనాబీ.

‘ఆడుండేటోళ్ళకు చెడ్డమాట చెప్పగూడదని నా నోరు గూడా మూయించింది. ఆమెను అనాకు. ఆ మూడు దినాలూ నన్ను ఎత్తుకొని తిరిగింది ఆమెనే.’

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? అయినా అమీనాబీ పట్టుకుంది. తప్పయిపోయింది తల్లీ అంది. నాకు తెలిసుంటే నడిచైనా వచ్చేదాన్ని అంది. అది కూడా అబద్ధమే. పాస్‌పోర్టు ఆ పెద్దింటి యజమాని షేక్ బీరువాలో ఉండేది, నడిచి ఎక్కడికి వస్తుంది? ఆ మాట నోట్లో నుంచి వచ్చాక ఆమెకే తెలిసింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఫరహత్ బిత్తరపోయి అవ్వనూ అమ్మనూ మార్చి మార్చి చూసింది.

బుష్రా తల్లి ఏడుపు ఆగేదాకా కూర్చుంది. తరువాత చెప్పింది. ‘నువ్వు ఆడ ఉండొచ్చినదానివి. నీకు నిజం తెలుసు. ఎప్పుడొస్తానని అది అడిగితే రెండేండ్లని చెప్పు. ఏడిస్తే ఏడవనీ. అయిపోయేలోగా అని మాత్రం చెప్పాకు. ఆ ఒక్కటి చాలు నాకు. ఈ ఆరు కేకులు నేను తీసకపోతా. పోయేటోళ్ళు తినల్ల వీటిని. ఉండేటోళ్ళకు పంపగూడదు.’

సాయంత్రం కారు వచ్చింది. అందులో అప్పటికే ముగ్గురు ఆడవాళ్ళు ఉన్నారు, కొండాపురం వైపు వాళ్ళట. డ్రైవరు పెట్టె ఎక్కించాడు. సందులోవాళ్ళు గడపల్లోకి వచ్చి నిలబడ్డారు. రాజమ్మ నిమ్మకాయ ఊరగాయ పొట్లం తెచ్చి బుష్రా సంచిలో పెట్టింది. అమీనాబీ కేకుల డబ్బా అందించింది.

బుష్రా డబ్బా మూత అక్కడే తీసింది. వెన్నకాగితం విప్పింది. కారు తలుపు పట్టుకుని నిలబడి, ఒక కేకు మొత్తం తిన్నది. తల్లి వైపు చూస్తూనే తిన్నది. నమిలి మింగడానికి చాలాసేపు పట్టింది. కళ్ళలో నుంచి నీళ్ళు మూతి మీదికి కారుతుంటే తుడుచుకోలేదు.

‘అదే రుచి’ అంది. ‘ఏం మారలేదు.’

పదిహేనేళ్ళుగా ఎదురు చూసిన ముద్ద అది. ఆ రుచి బాగున్నదని అన్నదో, కాదని అన్నదో అమీనాబీకి అర్థం కాలేదు, అడగడానికి సమయం కూడా లేదు. బుష్రా కూతురిని ఎత్తుకుని బుగ్గలు, నుదురు, అరిచేతులు ముద్దు పెట్టుకుంది. మిగిలిన అయిదూ సంచిలో వేసుకుని కారెక్కింది. ‘పోయొస్తా అమ్మా’ అంది. ఆ పిలుపు తనకేనా అని అమీనాబీ పక్కకు చూసుకుంది. పక్కన ఎవరూ లేరు. ఆమె చెయ్యి ఎత్తేలోపల కారు సందు మలుపు తిరిగిపోయింది.

ఫరహత్ కాసేపు మలుపు వైపు చూసింది. ఆ తరువాత అవ్వ కొంగు లాగింది.

‘అవ్వా, అమ్మ ఎప్పుడొస్తాది?’

అమీనాబీ నోటి చివరికి ఆ పాత మాట వచ్చేసింది. ఆ మాట ఆమె వందసార్లు చెప్పిన మాట, నాలుక దానంతట అదే తిరుగుతుంది. లోపల ఓవెన్ పక్కన డబ్బాలో పిల్ల కోసం చేసిన కేకులు కూడా ఉన్నాయి. ఒకటి చేతిలో పెట్టి ఆ మాట అంటే చాలు, పిల్ల నవ్వుతుంది. సందులోవాళ్ళందరూ అదే చెప్పమన్నట్టు చూస్తున్నారు. రేపో ఎల్లుండో వస్తాదిలే బంగారూ అని రాజమ్మ అననే అంది.

‘లేదు నాయనా’ అంది అమీనాబీ, పిల్ల ముందు గొంతుక్కూర్చుని. ‘రెండేండ్లకు వస్తాది.’

‘రెండేండ్లంటే ఎంత?’

ఎంత అని చెప్పాలి? రెండు రంజాన్లంది. పిల్లకు అర్థం కాలేదు. నువ్వు బడికి పోయి ఒకటో తరగతి, రెండో తరగతి చదివి, మూడో తరగతిలోకి పోతావు చూడు, అప్పుడు అంది. ఇంకా బడి మొహం చూడని పిల్ల. అయినా అది చాలా దూరమని మాత్రం ఆ పిల్లకు తెలిసిపోయింది. పెదవి వంకర తిరిగింది. గుక్కపట్టి ఏడుపు అందుకుంది. నేల మీద పడి కాళ్ళు కొట్టుకుంది. నెమ్మదిగా చెప్పకూడదా అమ్మా, పసిబిడ్డతో అట్లనా చెప్పేది అని రాజమ్మ కసిరింది. ఎవరో లోపలికి వెళ్ళి కేకు తెచ్చి పిల్లకు చూపించబోయారు. వద్దని అమీనాబీ చెయ్యి అడ్డం పెట్టింది.

పిల్లను ఎత్తి ఒళ్ళో వేసుకుంది. అది తన్నింది, గీరింది, అమ్మ కావాలని అరిచింది. ఒక తల్లి కోసం ఒక పిల్ల ఇట్లా ఏడుస్తుందని, ఇంతసేపు ఏడుస్తుందని, ఫోనుకు అవతల ఉన్న అమీనాబీ ఎన్నడూ వినలేదు. ఇప్పుడు వింటూ అరుగు మీద కూర్చుంది.